చెంచా డబ్బా మీది ఆడమనిషి

పోయిన వారం లీలమ్మను మనం వంటింట్లో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో చింపిన మసాలా ప్యాకెట్, పొయ్యి మీద మనవరాలికి నూడుల్స్, ముక్కుకు తగిలిన వాసనేమో ఎప్పుడో పోయిన సుశీలది. సరిగ్గా అక్కడ ఆపానని కొందరు నన్ను తిట్టుకున్నారట. తిట్టుకోండి, నాకేం బాధ లేదు. కానీ ఈ వారమే చేరినవాళ్లు కూడా ఉంటారు కదా, వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పనివ్వండి.

లీలమ్మది గౌలిపురా. భర్త మల్లన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె మసాలాలు దంచుతుంది. ధనియాలు, గసాలు, కుడుకలు బేగంబజార్ పోయి తానే ఏరి తెచ్చుకుంటుంది. గిర్నీ మొహం చూడదు, అంతా రోటి మీదే. మామూలు రోజుల్లో ఆమె గడపకు వచ్చేవాళ్లు తక్కువేం కాదు గానీ, పెత్రమాస ముందు మాత్రం గల్లీలో కాలు పెట్టే చోటుండదు. పెత్రమాస నాడు పోయిన పెద్దలకు ఇష్టమైన కూర వండి ఆకులో పెట్టాలి, దాన్ని కాకి ముట్టాలి. కూర ఎవరైనా వండుతారు. పోయిన మనిషి నాలుకకు నచ్చిన మసాలా ఏ పాళ్లలో ఉండేదో లీలమ్మకే తెలుసు. "మా బాపు మసాల ఇయ్యి," "మా అత్త మసాల ఇయ్యి" అని పేరు పెట్టి అడిగి తీసుకుపోతారు. ఏ ఇంటి పెద్దలది ఆ ఇంటికే. ఒకరిది ఇంకొకరికి ఇస్తే ఆ పెద్దలు దారితప్పి పరాయి ఇంట్లో పోయి కూర్చుంటారని ఆమె అత్త చెప్పింది. లీలమ్మ ఆ మాట ఎన్నడూ దాటలేదు.

అలాంటి మనిషి దగ్గరికి నిరుడు ఆల్బ్రెన్ కంపెనీ వచ్చింది. ఆల్బ్రెన్ అంటే పాతబస్తీలో ఎవరికీ తెలియదు. చెంచా కంపెనీ అంటే మాత్రం పసిపిల్లలు కూడా చెబుతారు. పాలపొడి, బిస్కెట్లు, సూపు బిళ్లలు, నూడుల్స్, ఏది కొన్నా దాని మీద తలకు గుడ్డ కట్టుకున్న తెల్ల ఆడమనిషి, ఆమె పెదాల దగ్గర చెంచా. కంపెనీ తరఫున వచ్చిన పిల్ల పేరు మైథిలి, ఉండేది సైదాబాద్‌లో. తండ్రి శ్రీహరిరావు రాజమండ్రి నుంచి ప్రభుత్వోద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఈ పిల్ల ఉద్యోగం ఊరూరా రుచులు వెతకడం. "మీ చేతి మసాలా ఒకటివ్వండి లీలమ్మగారూ, దేశమంతా తింటుంది," అంది. లీలమ్మ బాగా ఆలోచించింది. పెద్దల మసాలా బయటివాళ్లకు ఇవ్వకూడదు, సరే. మరి ఆకు వేసే దిక్కే లేని పెద్దలదైతే? పక్క పోర్షన్‌లో ఉండి పోయిన సుశీలకు ముందూ వెనకా ఎవరూ లేరు. సుశీల మసాలా ఇస్తే ఎవరికి నష్టం? ఇచ్చేసింది.

తప్పు అక్కడే జరిగింది. ఇప్పుడు ఆ మసాలా ఊరంతా అమ్ముడవుతోంది, లీలమ్మ మనవరాలు మున్నీకి ఎంత తిన్నా ఆకలి తీరడం లేదు. తింటోంది, సన్నబడుతోంది. దవాఖానలో చేయని పరీక్ష లేదు, దొరికిన రోగం లేదు. కొడుకూ కోడలూ ఇవాళ కూడా ఏవో రిపోర్టుల కోసం పొద్దున్నే వెళ్లారు. ఇక పదండి.

ఇవాళ పెత్రమాస. గల్లీ అంతా తంగేడు పూలు, గునుగు పూలు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకని ఆడపిల్లలు గడపల్లో కూర్చుని కాడలు సరిచేస్తున్నారు. ఆ పూల మధ్య నుంచి చూసి చూసి అడుగులేసుకుంటూ మైథిలి వచ్చింది. లీలమ్మ ఫోన్‌లో ఆమెకు చెప్పింది ఒక్క మాటే. "రా బిడ్డా, నువ్వు తీస్కపోయిన మసాల ఎవరిదో చెప్త."

లోపలికి అడుగు పెట్టగానే మైథిలి చూపు మున్నీ మీద ఆగిపోయింది. నిరుడు వచ్చినప్పుడు ఈ పిల్ల బుగ్గలు గిల్లి చాక్లెట్ ఇచ్చి పోయింది. ఇప్పుడు గిల్లడానికి బుగ్గలు లేవు. గౌను మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి. పీట మీద కూర్చుని, తలెత్తకుండా, మాటా పలుకూ లేకుండా అన్నం తింటోంది. పీట మధ్యలో కూర్చోలేదు. ఎడమ అంచుకు జరిగి కూర్చుంది.

"ఎప్పుడు గట్లనే కూసుంటది మేడం," అన్నాడు మల్లన్న. పళ్లెం ముందు బాసింపట్టు వేసుకుని మనవరాలి మొహంలోకే చూస్తున్నాడు. "నడుమల కూసో బిడ్డా అంటె ఇనదు. నేను బస్సుల మస్తు మందిని జూసిన. గిది పక్కన మనిషి ఉంటె జరిగి కూసునే కూసునుడు."

"ఊకో, పొద్దుగాల పొద్దుగాల నీ బస్సు కథలు," అని కసిరింది లీలమ్మ. కానీ ఆ మాట ఆమె గుండెలో ఎప్పటి నుంచో ఉన్నదే. పైకి అంటే నిజమైపోతుందని భయం.

మైథిలి వంగి మున్నీ తల నిమరబోయింది. చేయి పిల్ల కుడిపక్క ఖాళీలోకి పోగానే చటుక్కున వెనక్కి తీసుకుంది.

"సల్లగ తాకిందా?" అడిగింది లీలమ్మ.

"నేల తడిగా ఉన్నట్టుందండీ."

లీలమ్మ నేల వైపు చూసింది. పొద్దున తుడిచిన నేల, బయట ఎండకి ఎప్పుడో ఆరిపోయింది. నాలుగు రోజుల కిందట తనకూ ఆ చల్లదనం తగిలింది, తానూ తడి అనే సర్దిచెప్పుకుంది. భయమేసినప్పుడు తడిని, గాలిని, పిల్లిని అడ్డం పెట్టుకోవడం మనందరికీ అలవాటే. ఆమె మైథిలి చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గరికేసింది.

పొయ్యి మీద బోటి కూర సన్నసెగన ఉడుకుతోంది. గట్టు మీద రెండు చిన్న గిన్నెలున్నాయి. ఒకదాంట్లో కంపెనీ ప్యాకెట్‌లోది, ఇంకోదాంట్లో ఇవాళ తెల్లారి దంచినది.

"వాసన జూడు. నీ పని అదే గద."

మైథిలి ఒకటి చూసింది, రెండోది చూసింది, మళ్లీ మొదటిది చూసింది. "రెండూ ఒకటేనండీ."

"ఒకటే. గది సుశీలది. పక్క పోర్షన్ల ఉండె. లాడ్ బజార్ల లక్క గాజులకు రాళ్లు అతికేది. బోటి అంటె పానం. నీకు నా మసాల అని ఇచ్చిన గని, గది ఆమె మసాల." లీలమ్మ గొంతు తగ్గించింది. "ఆఖర్ల గొంతుల రోగమొచ్చింది బిడ్డా. మెతుకు దిగకపోయేది. అయినా నన్ను దంచుమనేది. దంచినంక ముక్కు కాడ పెట్టుకొని కండ్లు మూస్కునేది. లీలా, ఒక్క బుక్క లోపటికి పోతె సాలు, నవ్వుకుంట సచ్చిపోత, అనేది. ఆ ఒక్క బుక్క పోలే. ఆకలితోనే పోయింది. నేనేం జేసిన? ఆమె పేరు మీద ఆకు ఏసెటోళ్లు లేరు, ఎవలు అడుగుతరులే అని నీ చేతుల పెట్టిన. ఇప్పుడు ఎవలింట్ల ఆ ప్యాకెట్ ఇప్పితె ఆ ఇంట్ల వచ్చి కూసుంటుంది. నా పిల్ల పక్కన కూసున్నది. పిల్ల తినేదంత ఆమెకు పోతుంది."

చదువుకున్న పిల్ల, నవ్వుతుందేమో అనుకుంది లీలమ్మ. కనీసం "ఇవన్నీ మూఢనమ్మకాలండీ" అంటుందని, దానికో గట్టి జవాబు కూడా సిద్ధం చేసిపెట్టుకుంది. ఆ జవాబు వృథా అయిపోయింది. మైథిలి నవ్వలేదు. గిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుంది.

"మా నాన్నగారు మామూలు అన్నం మానేశారండీ," అంది. "ఆ మసాలాతో చేసినవే కావాలి. తిని చేయి కడుక్కోగానే 'ఇంకేమైనా ఉందా తల్లీ' అంటారు. అచ్చం మీ అమ్మ చేతి వంటలా ఉంది అంటారు. మా అమ్మ బాలత్రిపురసుందరి ఉల్లిపాయ కూడా ముట్టేది కాదు. అమ్మ వంటకీ దీనికీ సంబంధమేంటి నాన్నా అంటే ఏడుస్తారు. ఈయనకి వయసు మీద పడిందిలే అనుకున్నాను. అంతలో ఆఫీసులో కేకు కోశారు. ఎందుకో తెలుసా? తిన్నవాళ్లు ఆపలేకపోతున్నారట. ఒకసారి కొన్న ఇంటివాళ్లు మళ్లీ మళ్లీ కొంటున్నారట. మన కంపెనీలో ఈ మధ్య ఇంత తిరిగొచ్చే రుచి రాలేదని మెచ్చుకున్నారు."

"తిరిగొచ్చే రుచా? గదేంది?"

"మా కంపెనీలో వాడే మాటండీ. తిన్నవాడు కడుపు నిండి వెళ్లిపోతే అది మంచి రుచి. తిన్నవాడు తిరిగొస్తే అది కంపెనీ రుచి."

"ఛీ," అంది లీలమ్మ.

మైథిలి తలవంచుకుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆ మసాలా అంతగా అమ్ముడైనందుకు ఆమెను సముద్రాలవతల పెద్దాఫీసుకు పిలిపించారు. అది మంచు ఊరు. అక్కడ కంపెనీ కథ చెప్పడానికే ఒక భవనం కట్టారు. జోనాస్ ఆల్బ్రెన్ అనే కుర్రవాడి కాలంలో ఆ ఊళ్లో పెద్ద కరువొచ్చింది. ఇంట్లో మిగిలిన ఎముకలన్నీ వేసి తల్లి చివరిసారిగా పులుసు కాచింది. తినడానికి చెంచా తీసుకుంది. కొడుకు వద్దన్నాడు. ఆ పులుసును గట్టిపడేదాకా మరగబెట్టి, బిళ్లలు చేసి, పట్నంలో అమ్ముకొస్తే ఇద్దరికీ చలికాలమంతా తిండి దొరుకుతుందన్నాడు. తల్లి సరే అంది. అతను వెళ్లాడు. బిళ్లలు నీళ్లలో వేసుకుని తాగినవాళ్లు ఆ సాయంత్రమే తిరిగొచ్చి ఇంకా కావాలన్నారు. అంతలో మంచు కురిసి దారి మూసుకుపోయింది. మంచు కరిగి అతను ఇంటికి చేరేసరికి తల్లి బల్ల ముందు కూర్చునే ఉంది. పెదాల దగ్గర చెంచా అలాగే ఉంది, ప్రాణం మాత్రం లేదు.

"ఆ బొమ్మనే డబ్బా మీద వేయించాడండీ. అమ్మ ప్రేమకి గుర్తు అని చెబుతారు అక్కడ. స్కూలు పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తారు."

లీలమ్మ తల తిప్పి అల్మారా పైకి చూసింది. అత్త కాలం నాటి చెంచా డబ్బా అక్కడుంది. ఎప్పుడో నిజాం పల్టన్లో సిపాయిగా పనిచేసిన అత్తవారి పెద్దాయన తెచ్చాడట. ఇప్పుడు అందులో మసాలాలో వేసే పత్తర్‌ఫూల్ పోసుకుంటుంది. రంగు అక్కడక్కడ పెచ్చులూడింది గానీ ఆడమనిషి బాగానే ఉంది. కాపురానికొచ్చిన నాటి నుంచి రోజూ చూస్తోంది ఆ బొమ్మను. వంట రుచి చూస్తోందనే అనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు కళ్లు చికిలించి చూస్తే చెంచాలో ఏమీ లేదు. ఒట్టి చెంచా.

"డబ్బాలు పల్టన్లతో పోయాయి, ఓడల్లో పోయాయి," మైథిలి ఇంకా చెబుతోంది. "ఎక్కడికి పోయినా అక్కడి రుచి ఒకటి పట్టుకుని దాన్ని పొడి చేయడం, మళ్లీ వాళ్లకే అమ్మడం. ఏదో ద్వీపంలో ఒంటరి ముసలావిడ చేపల పులుసు. ఇంకెక్కడో పిల్లలందరూ పోయిన ఒక తల్లి జొన్న జావ. నాకూ ఉద్యోగంలో చేరిన రోజే నేర్పారండీ, అడిగేవాళ్లు లేని రుచి తీసుకురండి అని. వారసులుంటే రేపు వాటా అడుగుతారు, కోర్టుకెక్కుతారు. ఎవరూ లేనివాళ్లదైతే గొడవ ఉండదు. మీరు ఇది నాది కాదు, చనిపోయినావిడది, ఆవిడకెవరూ లేరు అని ముందే చెప్పి ఉంటే మా వాళ్లు ఇంకా సంబరపడేవారు."

"అంటె దునియా మీద దిక్కులేనోళ్ల ఆకలంత మీరే ఏరుకున్నరన్నట్టు."

"అవునండీ. ఇన్నాళ్లూ నేను వెతికింది రుచులనే అనుకున్నాను." మైథిలి కళ్లు తుడుచుకుంది. "ఇంకోటి కూడా చూశాను. అక్కడ క్యాంటీన్‌లో ఒక బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. డబ్బా మీది ఆవిడ పేరు మీద రోజూ వేడి వేడి పులుసు గిన్నె పెడతారు. చెంచా మాత్రం పెట్టరు. ఎందుకని అడిగితే నవ్వారు. ఆవిడ చెంచా ఆవిడ చేతిలోనే ఉందిగా, ప్రపంచమంతా చూస్తోంది అన్నారు. నేనూ నవ్వాను. వచ్చేటప్పుడు ఆ కుర్చీ మీద చేయి వేశాను. ఎంత చల్లగా ఉందో!"

ఆ చివరి మాట లీలమ్మ సరిగ్గా వినలేదు. వినుంటే ఈ కథ ఇంకోలా నడిచేది. ఆమె మనసంతా సుశీల మీదే ఉంది. కూర దించి, మూత తీసి, తెల్లారి దంచిన మసాలా పైన చల్లింది. వంటిల్లంతా ఘుమ్మంది.

"లే బిడ్డా," అంది. "ఎవలు లేరనే గద ఇంత లొల్లి. నేనున్న. నేనేస్త ఆకు."

మిద్దె మీద ఎండ కాలికి అంటుకుంటోంది. చుట్టుపక్కల మిద్దెల మీద కూడా జనం ఆకులు పెట్టి కాకుల కోసం చూస్తున్నారు. లీలమ్మ మోదుగాకు విస్తరి పరిచి, అన్నం పెట్టి, బోటి కూర వేసి, పక్కన చిన్న గ్లాసులో కల్లు పోసింది. చేతులు జోడించి, "సుశీలా, తప్పయింది, వచ్చి తినిపో," అన్నది. మల్లన్న చేతులు నోటి దగ్గర పెట్టుకుని కావ్ కావ్ అని పిలిచాడు. కండక్టర్ గొంతు కదా, నాలుగు మిద్దెల అవతలివాళ్లు తిరిగి చూశారు.

కాకి రాలేదు. పక్కింటి ఈశ్వరయ్య వాళ్ల ఆకు మీద వాలాయి, ఎదురింటి వాళ్ల ఆకు మీద వాలాయి. ఇటు ఒక్కటీ రాలేదు. మైథిలి చున్నీ తల మీదికి లాక్కుని నిలబడింది. లీలమ్మ ఆకాశం వైపే చూస్తోంది. రాకపోతే మున్నీ ఏమైపోతుంది? ఆ ఎముకల మీద ఇంకేం మిగిలిందని పోవడానికి?

అప్పుడు వచ్చింది, ఒంటి కాకి. పిట్టగోడ మీద వాలి, దుమికి, ఆకు దగ్గరికి నడిచింది. ముట్టలేదు. కూర మీదికి వంగి, తల పక్కకు వాల్చి, కళ్లు మూసుకుంది. అలాగే ఉండిపోయింది.

"అమ్మో," అంది లీలమ్మ. "సుశీలే. గిట్లనే జూసేది వాసన."

కాకి కళ్లు తెరిచి ఒక బోటి ముక్క అందుకుంది. మెడ పైకెత్తింది. గొంతు కదిలింది. ముక్క దిగింది. మళ్లీ ఇంకోటి తీసుకుంది. లీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. అన్ని నెలలు చూసింది ఆ గొంతు కష్టం. ఇవాళ దిగింది.

ఆకులో కూర తగ్గగానే లీలమ్మ ఇంకొంచెం వేసింది. మళ్లీ వేసింది. "ఇగ సాలు తియ్యే, కాకెంత తింటది," అన్నాడు మల్లన్న.

"నోర్ముయ్యి. పెత్రమాస నాడు పెట్టే చెయ్యి ముందుగాల ఆగొద్దు. తినేటోళ్లే సాలనాలె. నడుమల ఆపితె ఆ ఆకలి పెట్టినోళ్ల ఇంటికి అంటుకుంటదని అత్తమ్మ చెప్పలే?"

కాకి కడుపు నిండా తిని, ముక్కు గోడకు రాసుకుని, చార్మినార్ దిక్కు ఎగిరిపోయింది. లాడ్ బజార్ కూడా అటే కదా. లీలమ్మ అటే చూస్తూ నవ్వింది.

మైథిలికి ఏదో తోచి సంచిలోంచి కంపెనీ ప్యాకెట్ తీసి చింపింది. వాసన చూసింది. మొహం తెల్లబోయింది, తర్వాత వెలిగింది. ప్యాకెట్ లీలమ్మ ముక్కు దగ్గర పెట్టింది. ఉప్పూ కారమూ తప్ప అందులో ఇంకేం లేదు. సుశీల వెళ్లిపోయింది. ఊళ్లో ఉన్న ప్యాకెట్లన్నిట్లోంచీ వెళ్లిపోయే ఉంటుంది.

"రేపు మా ఆఫీసులో కేకు కొయ్యరండీ," అంది మైథిలి. ఇద్దరూ నవ్వారు. మెట్లు దిగుతుంటే లీలమ్మకు ఒళ్లు తేలికైనట్టనిపించింది.

మున్నీ పీట మీదే ఉంది. లీలమ్మ పళ్లెంలో వేడన్నం, కూర కలిపి తెచ్చి ముందు కూర్చుంది. "తిను నా తల్లి. ఇగ నీ అన్నం నీకే. నీ పక్కన ఉన్నామె తిని పోయింది."

పిల్ల తలెత్తి చూసింది. కళ్లు పీక్కుపోయిన ఆ మొహంలో ఏ తేడా లేదు. ఇంకా ఎడమ అంచునే కూర్చుని ఉంది.

"సుశీలవ్వ పోయింది నానమ్మా. నాకు టాటా చెప్పింది," అన్నది మున్నీ. "ఈమె పోతలేదు."

"ఏ ఈమె?"

"గీమె. సుశీలవ్వ కన్న ముందుగాల నుంచే ఉన్నది. పాలపొడి తాగినప్పటి సంది ఉన్నది. తలకు గుడ్డ కట్టుకున్నది."

మల్లన్న చేతిలో నీళ్ల చెంబు ఆగిపోయింది. పిల్ల మాట్లాడుతుంటే నోట్లోంచి తెల్లగా ఆవిరి వస్తోంది. పట్టపగలు, మాడు పగిలే ఎండలో, డిసెంబరు తెల్లవారుజామున వచ్చినట్టు. లీలమ్మకు ఇప్పుడు చెవిలో పడింది, వంటింట్లో సగం విని వదిలేసిన ఆ మాట. ఎంత చల్లగా ఉందో!

సుశీల ఈ గల్లీ మనిషి. ఆమె వస్తే చలి ఎందుకొస్తుంది?

"ఆమెకు ఆకలైతుందంట నానమ్మా. మస్తు ఆకలంట. చేత్తోని తినుడు రాదంట." మున్నీ కుడిపక్క ఖాళీ వైపు చెవి వంచి విన్నది. "చెంచా అడుగుతుంది."

మైథిలి గుమ్మం పట్టుకుంది. చెంచా సంగతి ఆమె చెప్పింది వంటింట్లో, తలుపు వేసి ఉండగా. పిల్ల ఇవతల తాత దగ్గరే ఉంది.

లీలమ్మ లేచింది. గట్టు మీది స్టీలు చెంచా తీసింది. మైథిలి గబగబా వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇవ్వకండి లీలమ్మగారూ. మీకు దణ్ణం పెడతాను. రోజూ పులుసు పెట్టేవాళ్లు అన్నేళ్లుగా ఒక్క చెంచా ఎందుకు పెట్టలేదు? ఊరికే ఉండదండీ. ఏదో తెలిసే పెట్టలేదు."

"ఏం తెలుసు వాళ్లకు? ఆమె కడుపు నిండితె వాళ్ల దుకాణం బంద్ అయితదని తెలుసు. గందుకే ఇయ్యలే." లీలమ్మ చేయి విడిపించుకుంది. "ఆమె గూడ ఎవలకో కన్నతల్లే గదనే. కొడుకు నోటి కాడి పులుసు గుంజుకపోయిండు. ఆకలైతుందని అడిగితె పెట్టకుంట ఉండుడు నాతోని కాదు. అయినా ఆమె తింటెనే గద నా పిల్ల బతికేది."

వచ్చి కూర్చుని చెంచాను మున్నీ చేతిలో పెట్టింది. పిల్ల వేళ్లు మంచుగడ్డల్లా తగిలాయి. మున్నీ నిండా అన్నం తీసుకుంది. చెంచా నోటి దాకా లేచింది, నోట్లోకి పోలేదు. మెల్లగా కుడిపక్కకు, ఆ ఖాళీలోకి పోయింది. ముసలివాళ్లకు తినిపించేటప్పుడు చేసినట్టు కాస్త వంచింది కూడా. తిరిగి వచ్చేసరికి చెంచాలో ఒక్క మెతుకు లేదు. నేల మీదా పడలేదు. మున్నీ పెదాలు కదల్లేదు.

మల్లన్న "రామ రామ" అంటూ గోడకు జరిగాడు.

రెండో చెంచా పోయింది, మూడోది పోయింది. పళ్లెం ఖాళీ అయింది. లీలమ్మ కుండ తెచ్చి వడ్డించింది, అదీ అయింది. మళ్లీ వడ్డించింది. బోటి కూర అడుగంటింది. వంటింట్లో ఉన్న రొట్టెలు మైథిలి ఏడుస్తూనే తెచ్చిచ్చింది, అవీ పోయాయి. మున్నీ చెంపల్లోకి మెల్లగా రంగు వస్తోంది. అది చూసి లీలమ్మకు ధైర్యం కలుగుతోంది, కుండలో చూస్తే పోతోంది. పెట్టే చేయి ఆగకూడదు. ఆగితే ఆ ఆకలి ఈ ఇంటిదే అవుతుంది. అల్మారా మీద ఏదో కిర్రుమంది. లీలమ్మ అటు చూసింది. పాత డబ్బా మీద ఆడమనిషి అలాగే ఉంది, పెదాల దగ్గర చేయి అలాగే ఉంది. ఆ చేతిలో చెంచా లేదు.

కుండలో ఒక్క గరిటెడు అన్నం మిగిలింది. అది తీసి వడ్డిస్తూ లీలమ్మ బతిమాలినట్టు అడిగింది.

"మున్నీ, నా బంగారు తల్లి, ఇగ సాలా అని జెర అడుగు బిడ్డా ఆమెను. సాలు అనుమను. ఒక్కపారి అంటె సాలు."

మున్నీ పక్కకు తిరిగి ఏదో గుసగుసగా అడిగింది. వినడానికి కొంచెంసేపు ఆగింది. తర్వాత ఖాళీ చెంచా నానమ్మ ముందుకు చాపింది.

"అడిగిన నానమ్మా. ఆ మాట ఆమెకు తెల్వదంట."